గోదారి చివరి లంక నుంచి లోక్‌సభ పెద్ద కుర్చీ దాకా: జి.ఎం.సి. బాలయోగి జీవితం



అంబేద్కర్ జయంతి నాడు మా హాస్టల్లో క్విజ్ పోటీ పెట్టాము. అందులో ఒక ప్రశ్న, లోక్‌సభకు స్పీకర్ అయిన తొలి దళితుడు ఎవరు అని. ఒక జట్టు బాబూ జగ్జీవన్ రామ్ అంది. ఇంకో జట్టు మీరా కుమార్ అంది. మూడో జట్టు కె.ఆర్. నారాయణన్ పేరు చెప్పింది. ముగ్గురూ మహానుభావులే కానీ జవాబు తప్పు. అప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్న మా వంట మనిషి, పెద్దాయన, బాలయోగి గదా బిడ్డా, చేపల చెరువుల హెలికాప్టర్ పడి చనిపోయిండు అని అన్నాడు. ఆయన మూడో తరగతి దాకే చదివినాడు. పీజీ చదువుతున్న మేము, ఆ ప్రశ్న రాసిన మేము, ఆ పేరు తప్ప ఆయన గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాము. సిగ్గు అనిపించింది. ఆ సిగ్గుతోనే గ్రంథాలయంలో కూర్చొని చదివి ఈ వ్యాసం రాస్తున్నాము.

బాలయోగి మన జిల్లా మనిషి కాదు. కానీ ఒక రకంగా మన నీళ్ల మనిషే. ఒకప్పుడు మన ఆదిలాబాద్‌కు, కరీంనగర్‌కు మధ్య సరిహద్దుగా పారింది గోదావరే. బాసరలో మనం చూసే నీళ్లు, ధర్మపురిలో మన అమ్మలు స్నానం చేసే నీళ్లు, మంథని, కాళేశ్వరం దాటి పోయి పోయి చివరకు కోనసీమ లంకల మధ్య సముద్రంలో కలుస్తాయి. ఆ కలిసేచోటికి దగ్గరలో, గౌతమీ పాయ ఒడ్డున ఉన్న ఊరు ఎదుర్లంక. అదే బాలయోగి పుట్టిన ఊరు.

లంక ఊరి పిల్లవాడు

ఆయన పూర్తి పేరు గంటి మోహనచంద్ర బాలయోగి. 1951 అక్టోబరు 1న అప్పటి తూర్పు గోదావరి జిల్లా, ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ఎదుర్లంకలో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అంటే అంబేద్కర్ రాసిన హక్కులతో పాటే పెరిగిన మొదటి తరం పిల్లల్లో ఆయన ఒకరు.

కోనసీమ అనగానే మనకు సినిమాల్లో చూసిన కొబ్బరి తోటలు, పచ్చని పొలాలు గుర్తుకొస్తాయి. కానీ తోట ఎవరిది, తోటలో కూలి ఎవరిది అన్న ప్రశ్న అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆ రోజుల్లో ఎదుర్లంక పిల్లలకు చదువు కూడా పక్క ఊరి మాటే. బాలయోగి తొలి చదువు దగ్గరలోని గుత్తెనదీవిలో సాగింది. ఏరు దాటితే యానాం, ఆ పైన కాకినాడ. వంతెన లేదు, పడవే దిక్కు. వర్షాకాలం వరద వస్తే పడవా ఉండదు. చదువు కోసం వాగు దాటి, బట్టలు తడవకుండా పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకొని నడిచిన మా సిర్పూర్, ఆసిఫాబాద్ తమ్ముళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు.

పై చదువులు కాకినాడలో చదివి ఎం.ఏ. పట్టా, ఆ తరువాత విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1980లో కాకినాడలో ఒక సీనియర్ న్యాయవాది దగ్గర చేరి నల్లకోటు వేసుకొన్నారు. ఈ మాట ఒక్క వాక్యంలో రాసేశాము గానీ, లంక ఊరి నుంచి కోర్టు మెట్ల దాకా ఎంత దూరమో మనకు తెలుసు. ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకొనేవాడికి ముందు నడిచినవాళ్లు ఉండరు. ఏ కోర్సు తీసుకోవాలో, ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. మా అమ్మలు బీడీలు చుట్టి మా పరీక్ష ఫీజు కట్టారు కానీ ఆ పరీక్ష పేరేమిటో వాళ్లకు తెలియదు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే మనమంతా.

మేజిస్ట్రేటు కొలువు వదిలిన మనిషి

1985లో బాలయోగి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. మనలో ఎవరికైనా అటువంటి కొలువు వస్తే ఏం చేస్తాము? ఊరంతా మిఠాయిలు పంచుతాము. జీవితాంతం జీతం, ఆ పైన పింఛను, ఊర్లో గౌరవం. కానీ ఆయన ఆ కొలువుకు రాజీనామా చేసి మళ్లీ కాకినాడ వచ్చి వకాలతు మొదలుపెట్టారు.

1985 అంటే మన చరిత్రలో మామూలు సంవత్సరం కాదు. ఆ జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగవాడ మీద దాడి జరిగి ఆరుగురు దళితులు హతమయ్యారు. ఆ నెత్తుటి మడుగు నుంచే దళిత మహాసభ పుట్టింది. చదువుకున్న ఒక తరం దళిత యువకులు ఏదో ఒక దారి ఎంచుకోవాల్సిన కాలం అది. కొందరు ఉద్యమంలోకి వెళ్లారు, కొందరు ఉద్యోగంలో ఉండిపోయారు, కొందరు పార్టీల్లోకి వెళ్లారు. బాలయోగి ఎంచుకున్నది మూడో దారి. ఆయన తెలుగుదేశం పార్టీలో ఎదిగారు.

1986లో కాకినాడ సహకార పట్టణ బ్యాంకుకు ఉపాధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది, 1987లో, తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయన వయసు 35 దాటింది అంతే. బడి, బాట, తాగునీరు, ఇవి జిల్లా పరిషత్ పనులు. పడవ దాటి బడికి పోయిన మనిషి చేతికే ఆ పనులు వచ్చాయి.

1991లో అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి పదో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన ఎం.పి. అయిన కొద్ది వారాలకే, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కాలువలో వేశారు. దళితుడు పార్లమెంటుకు వెళ్లడం, దళితుడు కాలువలో శవమై తేలడం రెండూ ఒకే రాష్ట్రంలో ఒకే వేసవి, వానాకాలాల మధ్య జరిగాయి. బాలయోగి జీవితాన్ని చదివేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకొనే చదవాలని మా అభిప్రాయం. ఒకటి చూసి మురిసిపోయి రెండోది మరిచిపోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లు.

1996 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఆ తరువాత అదే ఏడాది ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర శాసనసభకు వెళ్లారు, ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆ నవంబరు 6న వచ్చిన పెను తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు మొదళ్లతో కూలిపోయాయి. ఓటమి, గెలుపు, ఊరి గోస అన్నీ ఒకే సంవత్సరంలో చూసిన మనిషి ఆయన. 1998లో మళ్లీ అమలాపురం నుంచే లోక్‌సభకు గెలిచారు.

పెద్ద కుర్చీ

1998లో కేంద్రంలో ఎవరికీ పూర్తి మెజారిటీ రాలేదు. వాజ్‌పేయి ప్రభుత్వం నిలబడడానికి తెలుగుదేశం మద్దతు అవసరమైంది. ఆ పరిస్థితుల్లో 1998 మార్చి 24న బాలయోగి పన్నెండో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికయ్యారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు. తెలుగు నేల నుంచి మాడభూషి అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి తరువాత ఆ కుర్చీలో కూర్చున్న మూడో వ్యక్తి. ప్రాంతీయ పార్టీ నుంచి ఆ పదవి పొందిన మొదటి వ్యక్తి. అన్నిటికీ మించి ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు.

మన పెద్దపల్లి రిజర్వుడు స్థానం, కరీంనగర్, ఆదిలాబాద్ రెండు పాత జిల్లాల పల్లెలు కలిసిన స్థానం. 1998, 1999 రెండు ఎన్నికల్లోనూ అక్కడ గెలిచిన డాక్టర్ చెలిమెల సుగుణకుమారి ఆయన అధ్యక్షతన సాగిన సభలోనే సభ్యురాలు. అటు అమలాపురం, ఇటు పెద్దపల్లి. గోదావరి మొదట ఒకటి, చివర ఒకటి. అంబేద్కర్ పోరాడి రాయించిన రిజర్వేషన్ లేకపోతే ఆ సభలోకి మనవాళ్లు ఎందరు అడుగుపెట్టేవారో ఆలోచించండి.

బాలయోగి స్పీకర్ అయినప్పుడు ఢిల్లీలో చాలామంది పెదవి విరిచారు. ఒక్కసారి మాత్రమే ఎం.పి.గా పనిచేసినవాడు, పెద్దగా పేరు లేనివాడు ఈ సభను ఎలా అదుపు చేస్తాడని అనుమానించారు. ఇటువంటి అనుమానాలు మనకు కొత్త కాదు. యూనివర్సిటీలో చేరిన మొదటి రోజే మన ర్యాంకు కంటే ముందు మన కోటా అడుగుతారు. ఆయన ఆ అనుమానాలకు మాటలతో జవాబు చెప్పలేదు. ఒక ఏడాది తిరిగేసరికి దేశమంతా ఆ కుర్చీ వైపు చూసే రోజు వచ్చింది.

ఒక్క ఓటు

1999 ఏప్రిల్ 17. వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం. లెక్కలు నువ్వా నేనా అన్నట్టు ఉన్నాయి. అప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఒడిశాలోని కోరాపుట్ ఎం.పి., ఆదివాసీ నాయకుడు గిరిధర్ గమాంగ్ రెండు నెలల ముందు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు కానీ లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా, వేయకూడదా అని సభలో పెద్ద గొడవ. బాలయోగి ఆ నిర్ణయాన్ని ఆయన విచక్షణకే వదిలేశారు. గమాంగ్ ఓటు వేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక లెక్క జాగ్రత్తగా చూడండి. సివిక్స్‌లో చదివాము కదా, స్పీకర్ మామూలుగా ఓటు వేయడు, రెండు పక్కలా సమానంగా వచ్చినప్పుడు మాత్రమే నిర్ణాయక ఓటు వేస్తాడు. గమాంగ్ ఓటు లేకుంటే లెక్క 269, 269 అయ్యేది. అప్పుడు ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది ఒక్క బాలయోగి ఓటు మీద ఆధారపడేది. ఆయన పార్టీ ఆ ప్రభుత్వం పక్షానే ఉంది. సభ్యుడిగా ఉన్నవాడి ఓటును స్పీకర్ ఆపకపోవడమే సరైనదని కొందరు, ఆపాల్సిందని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. వాదన ఎలా ఉన్నా ఒకటి మాత్రం నిజం. కుర్చీలో కూర్చున్నాక తన పార్టీకి లాభం కలిగే దారి చేతిలో ఉండి కూడా ఆయన దాన్ని పట్టుకోలేదు. దళితుడికి పెద్ద పదవి ఇస్తే ఇచ్చినవాళ్లు చెప్పినట్టు వింటాడు అనుకునేవాళ్లకు అదే జవాబు.

ఆ తరువాత జరిగిన ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. 1999 అక్టోబరు 22న పదమూడో లోక్‌సభ ఆయన్ను ఏకగ్రీవంగా స్పీకర్‌గా ఎన్నుకుంది. ఏడాదిన్నర ముందు పెదవి విరిచినవాళ్లు కూడా చేయి కలిపారు.

2000 సంవత్సరంలో లోక్‌సభలో మొదటిసారిగా ఎథిక్స్ కమిటీ వేసింది ఆయనే. సభ్యుల నడవడి మీద చూపు ఉండాలని, సభలో అరుపులు తగ్గాలని 2001 నవంబరులో పార్టీల నాయకులను, ముఖ్యమంత్రులను, సభాధ్యక్షులను పిలిచి పెద్ద సమావేశం జరిపించారు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద ఉగ్రవాదుల దాడి జరిగింది ఆయన స్పీకర్‌గా ఉండగానే. సభ వాయిదా పడిన కాసేపటికే తుపాకులు మోగాయి. కాపలా సిబ్బందితో పాటు ఒక తోటమాలి కూడా ప్రాణాలిచ్చి ఆ భవనాన్ని కాపాడారు.

తెలంగాణ బిడ్డలం కాబట్టి ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ మూడు రాష్ట్రాల బిల్లులు 2000లో లోక్‌సభ దాటింది బాలయోగి స్పీకర్‌గా ఉన్నప్పుడే. అప్పుడు మన వంతు రాలేదు. 2014 ఫిబ్రవరి 18న మన బిల్లు లోక్‌సభ దాటినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది మీరా కుమార్, స్పీకర్ అయిన రెండో దళిత వ్యక్తి. నాలుగు కొత్త రాష్ట్రాలు పుట్టిన వేళల్లో ఆ కుర్చీలో ఉన్నది అంబేద్కర్ వారసులే. మా క్విజ్ పోటీలో వచ్చే ఏడాది ఇదే ప్రశ్న పెడతాము, గుర్తు పెట్టుకోండి.

ఆ ఆదివారం పొద్దున

2002 మార్చి 3, ఆదివారం. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు నడుస్తున్న రోజులు. బాలయోగి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం నుంచి హైదరాబాద్‌కు ఒక ప్రైవేటు సంస్థ హెలికాప్టర్‌లో బయలుదేరారు. అది బెల్ 206 రకం. ఒకే ఇంజను, పైలట్‌తో కలిపి ఐదారుగురు పట్టే చిన్నది. ఆ ఉదయం లోపల ఉన్నది ముగ్గురే, బాలయోగి, ఆయన అంగరక్షకుడు, పైలట్.

భీమవరం దాటితే కొల్లేరు చుట్టుపక్కల ప్రాంతం. అక్కడ కంటికి కనిపించినంత దూరం చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు. ఆ పొద్దున మసక కమ్మి దారి సరిగా కనబడలేదు. పైలట్ మధ్యలోనే కిందికి దించాలని చూశాడు. కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంక అనే ఊరి వద్ద హెలికాప్టర్ కొబ్బరి చెట్టుకు తగిలి చేపల చెరువులో కూలిపోయింది. ముగ్గురూ చనిపోయారు. బాలయోగికి అప్పటికి 50 ఏళ్లు.

సైన్స్ చదివే తమ్ముళ్లు, హెలికాప్టర్‌కు రన్‌వే అక్కరలేదు కదా, ఎక్కడైనా దిగవచ్చు కదా అని అడిగారు. నిజమే, దిగవచ్చు. కానీ దిగేచోటు కళ్లకు కనబడాలి. ఇటువంటి చిన్న హెలికాప్టర్‌ను పైలట్ ఎక్కువగా నేలను, దూరాన ఉన్న గీతను చూసుకుంటూనే నడుపుతాడు. మంచు కమ్మితే ఆ గీత పోతుంది, ఎంత ఎత్తులో ఉన్నామో, ఎంత వేగంతో దిగుతున్నామో కంటికి అందదు. కింద నిలకడ నీళ్లు ఉంటే ఇంకా కష్టం. అల లేని చెరువు అద్దంలా ఉంటుంది, దాని పైభాగం ఎక్కడుందో పోల్చుకోలేము, ఒక్కోసారి చదును నేలలాగే కనబడుతుంది. పైన తిరిగే రెక్కల వెడల్పు ముప్పై అడుగులకు పైనే. ఆ వలయంలోకి ఒక కొమ్మ వచ్చినా రెక్క విరుగుతుంది, విరిగితే హెలికాప్టర్ అదుపు తప్పుతుంది. నేల మీద గట్టిగా దిగినా కింద ఉండే ఇనుప కాళ్లు కొంత దెబ్బను ఓర్చుకుంటాయి, లోపలివాళ్లు బతికి బయటపడే అవకాశం ఉంటుంది. నీళ్లలో పడితే ఆ కాళ్లు ఎందుకూ పనికిరావు. తేలడానికి బుడగలు అమర్చి లేకపోతే ఇంజను బరువు పైన ఉండడం వల్ల అది తలకిందులై మునుగుతుంది.

పెద్దవాళ్లు, పేరున్నవాళ్లు ఇలా చిన్న విమానాల్లో, హెలికాప్టర్లలో పోవడం మనం పదే పదే చూశాము. బాలయోగి కంటే ఐదు నెలల ముందు, 2001 సెప్టెంబరు 30న, అదే లోక్‌సభలో కాంగ్రెస్ పక్షం ఉపనాయకుడైన మాధవరావు సింధియా ఉత్తరప్రదేశ్‌లో చిన్న విమానం కూలి చనిపోయారు. 2004 ఏప్రిల్ 17న సినీనటి సౌందర్య బెంగళూరు నుంచి మన కరీంనగర్‌కే ఎన్నికల ప్రచారానికి బయలుదేరారు. నలుగురు పట్టే చిన్న సెస్నా విమానం జక్కూరులో లేచిన కాసేపటికే కూలి నలుగురూ చనిపోయారు. ఆమె కోసం ఎదురుచూసిన ఊరు మనది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నల్లమలలో పావురాలగుట్ట మీద మరో నలుగురితో కలిసి ప్రాణాలు కోల్పోయారు. వీళ్లందరికీ సమయం తక్కువ, పోవాల్సిన ఊర్లు ఎక్కువ. ఆకాశం బాగా లేనప్పుడు ఆగుదాం అనే మాట చెప్పడం పైలట్ పని, వినడం ఎక్కినవాళ్ల పని. పెద్ద మనిషి తొందరలో ఉన్నప్పుడు చెప్పడమూ కష్టమే, వినడమూ కష్టమే. ఈ పాఠం విమానాలకే కాదు, ముసురులో నిండా మనుషులతో వాగు దాటే మన ఆటోలకూ వర్తిస్తుంది.

ఇంకో మాట. ఆ చెరువులో పోయింది ఒక్కరు కాదు, ముగ్గురు. మిగతా ఇద్దరూ ఉద్యోగం చేస్తూ పోయారు. వాళ్ల ఇళ్లలోనూ ఆ రోజు పొయ్యి వెలగలేదు. స్పీకర్‌ను తలచుకున్నప్పుడు వాళ్లను కూడా తలచుకోవాలి.

పేరు మిగిలింది, ప్రశ్న మిగిలింది

ఆయన తరువాత భార్య విజయకుమారి ఆ ఏడాదే ఉప ఎన్నికలో అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 2024లో కుమారుడు హరీష్ మాధుర్ అదే స్థానం నుంచి ఎం.పి. అయ్యారు. పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని సభామందిరానికి, హైదరాబాద్ గచ్చిబౌలిలోని అథ్లెటిక్ స్టేడియానికి బాలయోగి పేరు పెట్టారు. మనలో పోలీసు ఉద్యోగాలకు పరుగు సాధన చేసే తమ్ముళ్లు ఆ స్టేడియం పేరు చదివే ఉంటారు, ఎవరి పేరో ఆలోచించి ఉండరు. ఆంధ్రలో సాంఘిక సంక్షేమ గురుకులాలకు కూడా చాలాకాలం ఆయన పేరే ఉండేది.

అన్నిటికంటే మాకు నచ్చింది వేరే. యానాంకు, ఎదుర్లంకకు మధ్య గౌతమి మీద వంతెన వచ్చింది. దానికి ఆయన పేరే పెట్టారు. చిన్నప్పుడు పడవ కోసం ఒడ్డున నిలబడ్డ పిల్లవాడి పేరు ఈ రోజు ఆ ఏటి మీద వంతెన అయ్యింది. ఇప్పుడు ఆ ఊరి పిల్లలు వరద వచ్చినా బడికి, కాలేజీకి పోతున్నారు. విగ్రహం కంటే అది పెద్దది కాదా? కోనసీమకు రైలు తేవాలని కూడా ఆయన కలగన్నారు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా రైలు మార్గం మంజూరైంది ఆయన పట్టుదలతోనే. ఆయన పోయి రెండు దశాబ్దాలు దాటినా అమలాపురంలో రైలు కూత వినిపించలేదు. పట్టించుకునే మనిషి పోతే పని ఎలా ఆగిపోతుందో దానికి ఇది గుర్తు.

ఈ వ్యాసం ముందు మా గదిలో చదివినప్పుడు ఒక గట్టి చర్చ జరిగింది. ఒక మిత్రుడు అడిగాడు, ఒకరు స్పీకర్ అయితే వాడకు ఏం ఒరిగింది, ఆయన స్పీకర్ అయిన రోజున మా ఊరి హోటల్లో రెండు గ్లాసులే ఉన్నాయి కదా అని. ఆ ప్రశ్న అబద్ధం కాదు. కోనసీమలోనే చూడండి. 2022లో ఆ కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగి ఒక మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. బాలయోగిని మూడుసార్లు పార్లమెంటుకు పంపిన ఊరే అది. మన మనిషికి ఓటు వేయడం వేరు, మన మహనీయుడి పేరు తమ చిరునామాలో రాసుకోవడం వేరు అని ఆ రోజు తెలిసింది. చివరకు పేరు నిలిచింది.

మేము ఆ మిత్రుడికి చెప్పిన జవాబు ఇది. ఒక మనిషి కుర్చీ ఎక్కితే కులం పోదు. కానీ ఆ కుర్చీ మనది కాదు అనే మాట పోతుంది. 1998కి ముందు, లోక్‌సభలో పెద్ద కుర్చీలో దళితుడు కూర్చోగలడా అని ఎవరైనా అడిగితే చూపించడానికి మనకు మనిషి లేడు. ఆ రోజు తరువాత ఉన్నాడు. మిగిలిన పని, అంటే రెండు గ్లాసులు ఒకటి చేసే పని, కుర్చీలో ఉన్నవాడిది ఒక్కడిదే కాదు, మనందరిది. ఆ మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. మీరు కూడా మీ గదుల్లో నడపండి.

చివరగా మాలో మాకు మిగిలిన ఆలోచన ఒకటి చెప్పి ముగిస్తాము. మాలో చాలామంది ఇళ్లలో మేమే మొదటి పట్టభద్రులం. మా నోటిఫికేషన్లు, మా పరీక్షలు, మా ఇంట్లోవాళ్ల ఆశలు అన్నీ ఒక సర్కారు కొలువు చుట్టూ తిరుగుతున్నాయి. అది తప్పు కాదు, అవసరం. కొలువు వచ్చాకే అమ్మ బీడీల చాట పక్కన పెట్టేది. బాలయోగిలాగా వచ్చిన కొలువు వదిలేయండి అని మేము ఎవరికీ చెప్పము. కానీ కొలువు వచ్చాక ఏటి అవతల ఇంకా పడవ కోసం నిలబడ్డ పిల్లలను మరిచిపోకూడదు. ఈ హాస్టల్ నుంచి వెళ్లిన ప్రతి అన్న, ప్రతి అక్క ఏడాదికి ఒక్కసారి వచ్చి ఒక్క తమ్ముడికి, ఒక్క చెల్లెలికి దరఖాస్తు ఎలా నింపాలో, ఏ పుస్తకం చదవాలో చెబితే చాలు. అదే మనం కట్టగలిగిన వంతెన.

జి.ఎం.సి. బాలయోగి గారికి, ఆయనతో పాటు కొవ్వాడలంక చెరువులో ప్రాణాలు వదిలిన ఇద్దరికీ మా హాస్టల్ విద్యార్థుల జోహార్లు.

జై భీం!